బొమ్మకు కాపలా: అచ్చుపలక నుండి వెబ్‌సైటు వరకు

కిందటి సంవత్సరం మా కళాశాలలో జంతుశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిని కొల్లేటి ప్రాంతంలోని ఆటపాకకు వెళ్ళి, అక్కడ గూళ్ళు కట్టుకొన్న గూడబాతులను ఫోటోలు తీసి తెచ్చినది. తెల్లవారకముందే లేచి, రెండు రోజులపాటు దోమల మధ్య కూర్చుని తీసిన చిత్రాలవి. వానిలో ఒకటి చాల చక్కగా వచ్చినది. పిల్ల గూడబాతు తల్లి గొంతుసంచిలోనికి తల దూర్చి మేత అందుకొంటున్న దృశ్యమది. దానిని కళాశాల వెబ్‌సైటులో పెట్టినాము. మూడు నెలలు తిరగకముందే అదే బొమ్మ ఒక దుకాణం వారి గోడ క్యాలెండరు మీద ప్రత్యక్షమైనది. దానిమీద ఆమె పేరు లేదు. ముందుగా ఆమెను అడిగినవారూ లేరు. ఆ క్యాలెండరును నా బల్లమీద పరచి ఆ అమ్మాయి ఒక్క ప్రశ్న వేసినది: "సార్, అందరూ చూడవచ్చు గాని ఎవరూ ఎత్తుకుపోకూడదు. అటువంటి తాళం ఏదైనా సైన్సులో ఉన్నదా?"

"లేదమ్మా" అని ఒక్క మాటలో చెప్పవచ్చును. కాని ఎందుకు లేదో తెలియకపోతే ఆ మాట ఆమెకు తృప్తినివ్వదు. లేనప్పుడు ఏమి చేయాలో తెలియకపోతే ఉపయోగమూ ఉండదు. ఆమె అడిగిన ప్రశ్న కొత్తది కాదు. బొమ్మను అచ్చువేయడం నేర్చిన నాటి నుండి చిత్రకారులు ఈ ప్రశ్ననే అడుగుతున్నారు. వారికి ఏయే కాలాలలో ఏయే సమాధానాలు దొరికినవో వరుసగా చూచినట్లయితే, నేడు మనం ఏమి ఆశించవచ్చునో, ఏమి ఆశించరాదో తెలుస్తుంది.

డ్యూరర్ ముద్ర

చేతితో గీసిన బొమ్మకు నకలు తీయాలంటే మరొక చిత్రకారుడు మొదటివాని అంత శ్రమా పడవలసి ఉండేది. కొయ్యపలకమీద, రాగి రేకుమీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితంమీద అద్దే పద్ధతి వచ్చిన తరువాత ఆ పరిస్థితి మారినది. ఒక పలకనుండి వందల ప్రతులు వస్తాయి. ఒక ప్రతి చేతికి చిక్కితే చాలు, దానిని చూచి మరొక పలక చెక్కవచ్చును.

జర్మనీలోని న్యూరెంబర్గు పట్టణానికి చెందిన ఆల్‌బ్రెష్ట్ డ్యూరర్ ఈ బాధ మొదట అనుభవించినవారిలో ఒకడు. తన పేరులోని మొదటి అక్షరాలైన ఏ, డి లను కలిపి, ఏ అక్షరపు కాళ్ళమధ్య డి ఇమిడేటట్లు ఒక ముద్రను రూపొందించి, అతడు తన బొమ్మలన్నిటిమీద వేసేవాడు. ఇటలీలో మార్కాంటోనియో రైమోండీ అనే నేర్పరి డ్యూరర్ కొయ్యపలకల బొమ్మలను రాగిమీద చెక్కి, ఆ ముద్రతో సహా అమ్మినాడు. డ్యూరర్ వెనిస్ నగరానికి వెళ్ళి అక్కడి ప్రభువులకు ఫిర్యాదు చేసినాడనీ, ఇకమీదట ఆ ముద్రను వాడరాదని మాత్రమే వారు తీర్పు చెప్పినారనీ ఇటలీ చిత్రకారుల చరిత్ర వ్రాసిన వసారి పేర్కొన్నాడు. 1512లో న్యూరెంబర్గు పురపాలక సభ కూడ ఇటువంటి ఆజ్ఞనే ఇచ్చినది. దొంగ ముద్రతో బొమ్మలు అమ్ముతున్న ఒక వర్తకుడు ఆ ముద్రలను తొలగించాలి, లేకుంటే సరకు జప్తు అవుతుంది అన్నది ఆ ఆజ్ఞ సారాంశం.

ఇక్కడ ఒక విశేషం గమనించవలసి ఉన్నది. రెండు చోట్లా పెద్దలు కాపాడినది డ్యూరర్ పేరును. బొమ్మను నకలు చేయడం తప్పని వారెవరూ అనలేదు. ఒకరి పేరుతో మరొకరి సరకు అమ్మడం మోసమనే సంగతి వారికి సులభంగా బోధపడినది. బొమ్మలోని ఊహ కూడ ఒకరి సొత్తు కావచ్చునన్న భావం ఇంకా పుట్టలేదు.

ఆ భావం చట్టరూపం ధరించడానికి మరి రెండు శతాబ్దాలు పట్టినది. ఇంగ్లండులో విలియం హోగార్త్ 1732లో ఆరు రాగి పలకల కథాచిత్రమాల ఒకటి ప్రచురించగానే, లండను బొమ్మల అంగళ్ళవారు దానికి చౌక నకళ్ళు చెక్కించి అమ్ముకొన్నారు. హోగార్త్ తోటి చిత్రకారులను కూడగట్టుకొని పార్లమెంటుకు మొర పెట్టుకొన్నాడు. ఫలితంగా 1735లో చెక్కడపు బొమ్మల చట్టం వచ్చినది. బొమ్మ రూపొందించినవానికి 14 సంవత్సరాలపాటు హక్కు లభించినది. ఐతే ఒక షరతు ఉన్నది: యజమాని పేరూ, ప్రచురించిన తేదీ ప్రతి పలకమీద, ప్రతి ప్రతిమీద ఉండవలెను. చట్టం అమలులోనికి వచ్చే వరకు హోగార్త్ తన కొత్త చిత్రమాలను విడుదల చేయకుండా ఆపివేసినాడు. అయినా కొందరు అంగళ్ళవారు తమ మనుషులను గిరాకీలవలె అతని ఇంటికి పంపి, చూచినది జ్ఞాపకం పెట్టుకొని వచ్చి గీయించి, దొంగ ప్రతులను అసలు ప్రతులకంటె ముందే అంగడికెక్కించినారు! చూపిన బొమ్మను దాచలేమనే పాఠం ఆనాడే హోగార్తుకు తెలిసినది.

వెలుతురు గీసిన బొమ్మ

1839లో పారిస్ నగరంలో డాగేర్ విధానం ప్రకటితమైనది. వెండిపూత పూసిన రాగి రేకుమీద వెలుతురే బొమ్మ గీసే పద్ధతి ఇది. ఒక రేకుమీద ఒకే బొమ్మ వస్తుంది. దానికి ప్రతి కావాలంటే ఆ రేకును మళ్ళీ కెమెరా ముందు పెట్టవలసినదే. ఈ పద్ధతి యథాతథంగా నిలిచి ఉంటే నకళ్ళ సమస్య ఇంతగా పెరిగేది కాదు. కాని ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్‌బట్ మరొక దారి తొక్కినాడు. 1841లో అతడు పేటెంటు పొందిన పద్ధతిలో ముందు కాగితంమీద నెగటివు తయారవుతుంది. అందులో వెలుగున్న చోటు నలుపు, నలుపున్న చోటు వెలుగు. దానినుండి ఎన్ని ప్రతులైనా తీయవచ్చును. తరువాతి శతాబ్దంన్నర కాలంలో ఫోటోగ్రఫీ నడిచినది ఈ దారిలోనే.

ఇక్కడ ఒక చట్టపు చిక్కు వచ్చిపడినది. ఫోటో తీసేది యంత్రం, గీసేది సూర్యుడు. మనిషి చేసినదేమున్నది? అటువంటప్పుడు హక్కు ఎవరిది? బ్రిటన్ 1862 నాటి చట్టంలోను, అమెరికా 1865 నాటి చట్టంలోను ఫోటోలకు రక్షణ కల్పించినవి గాని, సందేహం పూర్తిగా తీరలేదు. దానిని తీర్చినది ఒక వ్యాజ్యం. న్యూయార్కులో నెపోలియన్ సరోనీ అనే ఫోటోగ్రాఫరు 1882లో ఆస్కార్ వైల్డు అనే రచయితను ఫోటో తీసినాడు. ఒక లిథో అచ్చు కంపెనీ అనుమతి లేకుండా ఆ బొమ్మను 85,000 ప్రతులు వేసినది. యంత్రం తీసిన బొమ్మకు కర్త ఎవరూ ఉండరని ఆ కంపెనీ వాదించినది. అమెరికా సుప్రీంకోర్టు 1884లో ఆ వాదాన్ని త్రోసిపుచ్చినది. మనిషిని కూర్చోబెట్టిన తీరు, దుస్తుల ఎంపిక, వెలుగు నీడల పొందిక, ముఖంలో కోరిన భావం రప్పించడం - ఇవన్నీ సరోనీ బుద్ధినుండి పుట్టినవే కనుక ఆ బొమ్మకు కర్త అతడేనని కోర్టు నిర్ణయించినది. సరోనీ తన ప్రతులమీద పేరు, సంవత్సరం, హక్కు ప్రకటన ముద్రించి ఉండడం అతనికి అక్కరకు వచ్చినది.

ఆ రోజులలోనే మన సికింద్రాబాదులో లాలా దీనదయాళ్ తన స్టూడియో నడుపుతున్నాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరై, 'రాజా' బిరుదు పొందిన దీనదయాళ్ 1905లో కాలధర్మం చెందినాడు. అతని చిత్రాలు అనేకంలో ఒక మూల అతని పేరూ, ఒక సంఖ్యా కనిపిస్తాయి. అవి ప్రతిమీద వ్రాసినవి కావు, గాజు నెగటివు మీద వ్రాసినవి. నెగటివు మీద నల్లసిరాతో వ్రాస్తే, ఆ చోట వెలుతురు చొరబడదు కనుక, ప్రతిలో అక్షరాలు తెల్లగా వస్తాయి. సూదితో గీకి వ్రాస్తే వెలుతురు ఎక్కువగా సోకి నల్లగా వస్తాయి. ఒక్కసారి వ్రాస్తే చాలు, ఆ నెగటివు నుండి తీసిన ప్రతి ప్రతిలోను పేరు దానంతటదే వస్తుంది. బొమ్మలోనే పేరును ఇమిడ్చే ఈ ఉపాయాన్ని పాఠకులు గుర్తుంచుకోవలెను. వంద సంవత్సరాల తరువాత కంప్యూటరు శాస్త్రజ్ఞులు దీనినే మరొక రూపంలో ప్రయత్నించినారు.

బొమ్మ అంకెలుగా మారుట

నెగటివుల కాలంలో ఫోటోగ్రాఫరుకు తెలియకుండానే ఒక రక్షణ ఉండేది. నెగటివు అతని పెట్టెలో ఉంటుంది. ప్రతిని చూచి ప్రతి తీస్తే ప్రతిసారీ నాణ్యం కొంత తగ్గుతుంది. అసలు ఏదో, నకలు ఏదో కంటికే తెలిసిపోతుంది.

ఈ రక్షణ తొలగిపోవడానికి నాంది 1957లో పడినది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేస్తున్న రస్సెల్ కిర్ష్ తన పసికందైన కుమారుని ఫోటోను ఒక యంత్రంతో గీతలు గీతలుగా తడిమించి కంప్యూటరులోనికి ఎక్కించినాడు. అడ్డం 176, నిలువు 176 - మొత్తం 30,976 చుక్కలు. నేడు పిక్సెల్ అని పిలుస్తున్న చుక్క ఇదే. ప్రతి చుక్క ఎంత వెలుగు కలదో ఒక అంకె చెబుతుంది. ఆ విధంగా బొమ్మ అంకెల పట్టికగా మారినది. అంకెల పట్టికకు నకలు తీస్తే నాణ్యం తగ్గేది ఉండదు. 7 ను ఎన్నిసార్లు ఎత్తి వ్రాసినా అది 7 గానే ఉంటుంది. వెయ్యవ నకలుకూ మొదటిదానికీ భేదం లేదు. 'అసలు' అనే మాటకు అర్థమే మారిపోయినది.

పట్టిక పెద్దది కనుక దానిని పంపడం మొదట కష్టంగా ఉండేది. అడ్డం 4,000, నిలువు 3,000 చుక్కలున్న రంగుల ఫోటోలో 1 కోటి 20 లక్షల చుక్కలుంటాయి. చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడేసి అంకెల చొప్పున 3 కోట్ల 60 లక్షల అంకెలు కావాలి. వీనిని కుదించే మార్గం 1974లో వెలువడిన ఒక వ్యాసంలో ఉన్నది. దానిని వ్రాసినవారు బెంగుళూరులో జన్మించిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. రామమోహనరావు గార్లు. బొమ్మను చిన్న చిన్న గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలోని వెలుగు హెచ్చుతగ్గులను నిదానమైన అలలుగా, వడిగల అలలుగా విడదీయడం వారి గణితంలోని సారం. మన కంటికి నిదానమైన మార్పులు బాగా తెలుస్తాయి, వడిగల మార్పులు అంతగా ఆనవు. కనుక వడిగల అలలను సరళంగా గుర్తించి, అవసరంలేని వానిని వదలివేయవచ్చును. 1992లో ఖరారైన జేపెగ్ ప్రమాణానికి ఆధారం ఇదే. నేడు ఫోనులో మనం పంపుకొనే ఫోటోలలో చాలభాగం ఈ గణితం మీదనే నడుస్తున్నవి.

మరుసటి సంవత్సరమే, అనగా 1993లో, అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయం నుండి మొజాయిక్ అనే బ్రౌజరు వెలువడి బహుళ ప్రచారం పొందినది. వ్రాతపక్కనే బొమ్మ కూడ అదే పుటలో కనిపించే ఏర్పాటు దానితో సామాన్యులకు అందినది. వెబ్‌సైటులో ఫోటోల యుగం అప్పటినుండి మొదలైనదని చెప్పవచ్చును.

చూపడమే నకలివ్వడం

మా విద్యార్థిని ప్రశ్నకు అసలు సమాధానం ఇక్కడ ఉన్నది. వెబ్‌సైటులోని ఫోటోను మనం చూస్తున్నామంటే ఏమి జరుగుతున్నది? గాజు బీరువాలో ఉన్న వస్తువును బయట నిలబడి చూచినట్లు మనం దానిని చూడడం లేదు. మన బ్రౌజరు దూరాన ఉన్న కంప్యూటరును ఆ బొమ్మ అడుగుతుంది. ఆ కంప్యూటరు అంకెల పట్టికకు నకలు తీసి పంపుతుంది. ఆ నకలు మన యంత్రంలోనికి చేరిన తరువాతనే తెరమీద బొమ్మ వెలుగుతుంది. అనగా చూచిన ప్రతి వానికీ ఒక నకలు ముందే ముట్టినది. నకలు ఇవ్వకుండా చూపే మార్గం ఈ ఏర్పాటులో లేదు. 'ఇక చూచుట చాలించి, నీ దగ్గర ఉన్నదానిని చెరిపివేయుము' అని పంపినవాడు కోరవచ్చును గాని, బలవంతపెట్టలేడు.

ఈ సంగతి గ్రహించక, లేదా గ్రహించి కూడ కొంత ఆలస్యమైనా చేయవచ్చునని తలచి, వెబ్‌సైటులవారు రకరకాల తాళాలు వేసినారు. 1995 చివర జావాస్క్రిప్టు అనే భాష బ్రౌజరులలోనికి వచ్చిన తరువాత, మౌసు కుడి మీట నొక్కినప్పుడు వచ్చే 'భద్రపరచు' పట్టిక రాకుండా చేసినారు. బ్రౌజరులో ఆ భాషను ఆపివేస్తే తాళం ఊడిపోతుంది. బొమ్మపైన కంటికి కనబడని పారదర్శకమైన మరొక బొమ్మను కప్పినారు. భద్రపరచబోయినవానికి ఖాళీ బొమ్మ చేతికి వస్తుంది. కాని అసలు బొమ్మ అతని యంత్రంలో ఉండనే ఉన్నది. బొమ్మను పది ముక్కలు చేసి పుటలో పక్కపక్కన పేర్చినారు. ముక్కలను మళ్ళీ అతకడం కష్టమైన పని కాదు. ఇవన్నీ పనిచేసినా, తెరమీద కనబడుతున్నదానిని ఉన్నది ఉన్నట్లుగా పట్టుకొనే మీట ప్రతి కంప్యూటరుకూ, ప్రతి ఫోనుకూ ఉన్నది. అదీ లేకుంటే ఎదుట మరొక కెమెరా పెట్టవచ్చును.

ఇతరుల పుటలు మన కంప్యూటరునుండి బొమ్మను నేరుగా లాగుకొనకుండా ఆపడం మరొక విధానం. బొమ్మ అడిగే బ్రౌజరు తాను ఏ పుటనుండి వచ్చినదో చెప్పే ఆచారమొకటి ఉన్నది. 1996 నాటి ప్రమాణ పత్రంలో ఆ ఆంగ్లపదంలో ఒక అక్షరం జారిపోగా, ఆ తప్పు స్పెల్లింగే నేటికీ అధికారికంగా చెల్లుతున్నది. ఆ పుట మనది కాకపోతే బొమ్మ పంపకుండా ఉండవచ్చును. ఇది మన యంత్రం మీద అనవసరపు భారాన్ని తగ్గిస్తుంది. కాని బ్రౌజరు చెప్పే మాట నిజమే కానక్కరలేదు. అసలు ఏమీ చెప్పకపోవచ్చును కూడ.

కనుక ఈ తాళాలు పొలంగట్టుమీద వేసిన ముళ్ళకంప వంటివి. దారిన పోయేవానిని ఆపుతాయి గాని, దొంగతనానికే వచ్చినవానిని ఆపవు.

నీటిగుర్తు

తాళం పనికిరానప్పుడు మిగిలినది ముద్ర. ఇటలీలోని ఫాబ్రియానో కాగితపు పనివారు పదమూడవ శతాబ్దం చివర, జల్లెడ తీగకు చిన్న ఆకృతిని కట్టి, కాగితం తయారయ్యేటప్పుడే దానిలో ఒక గుర్తు ఏర్పడేటట్లు చేసినారు. ఆ చోట గుజ్జు పలచబడి, వెలుతురుకు ఎదురుగా పట్టినప్పుడు గుర్తు కనిపిస్తుంది. దీనికే నీటిగుర్తు అని పేరు. నేటి కరెన్సీ నోట్లలో చూచేది ఇదే. కంప్యూటరు బొమ్మలలోని గుర్తుకు కూడ ఆ పేరే వచ్చినది.

ఇది రెండు రకాలు. మొదటిది కంటికి కనిపించేది. బొమ్మకు అడ్డంగా పలచటి అక్షరాలతో వేసే పేరు. మూలలో వేస్తే కత్తిరించి పారవేస్తారు. నడుమ వేస్తే బొమ్మ అందం చెడుతుంది. అదీగాక, 2017లో గూగుల్ శాస్త్రజ్ఞులు ఒక విషయం నిరూపించినారు. వందలాది ఫోటోలమీద ఒకే గుర్తు ఒకే తీరుగా ఉంటే, ఆ ఫోటోలన్నిటినీ పోల్చి చూచి, మారుతున్నది బొమ్మ, మారకుండా ఉన్నది గుర్తు అని యంత్రమే గ్రహించి, గుర్తును తొలగించి వెనుకనున్న బొమ్మను బయటికి తీయగలదు. విరుగుడు కూడ వారే చెప్పినారు: ప్రతి ఫోటోలోను గుర్తు ఆకారాన్ని కొద్దిగా వంకర చేస్తే తొలగింపు సరిగా కుదరదు.

రెండవది కంటికి కనబడనిది. చుక్క వెలుగు 0 నుండి 255 వరకు గల అంకె. 140 ని 141 చేస్తే ఏ కన్నూ కనిపెట్టలేదు. ఇటువంటి చిన్న మార్పులలో యజమాని గుర్తును దాచవచ్చునని 1990 దశకం మొదట్లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రతిపాదించినారు. కాని అందులో ఒక లోపం ఉన్నది. జేపెగ్ కుదింపు ముందుగా వదలివేసేది ఇటువంటి కనబడని మార్పులనే! 1997లో ఇంగెమార్ కాక్స్, అతని సహచరులు దీనికి ఎదురుదారిన వెళ్ళినారు. బొమ్మకు ప్రాణమైన పెద్ద అలలు వేయింటిని తీసుకొని, ఒక రహస్య సంఖ్యామాల ప్రకారం ఒక్కొక్కదానిని రవంత మార్చినారు. కుండెడు నీళ్ళలో చిటికెడు ఉప్పు కలిపినట్లు గుర్తు బొమ్మ అంతటా వ్యాపించి ఉంటుంది. దానిని చెరపబోయినవాడు బొమ్మనే చెరపవలసి వస్తుంది. యజమాని మాత్రం తన సంఖ్యామాలతో పోల్చి చూచుకొని, గుర్తు ఉన్నదో లేదో చెప్పగలడు.

శాస్త్రంలో ఒక కోట కట్టినప్పుడు దానిని పడగొట్టి చూచేవారు కూడ కావాలి. ఆ పని కేంబ్రిడ్జిలో ఫాబియన్ పెటికోలాస్, మార్కస్ కున్, రాస్ ఆండర్సన్ చేసినారు. స్టిర్‌మార్క్ అనే వారి కార్యక్రమం బొమ్మను వెంట్రుకవాసి సాగదీసి, వంచి, అతి కొద్దిగా మెలితిప్పుతుంది. చూచేవారికి తేడా తెలియదు. గుర్తును వెదికే యంత్రానికి మాత్రం లెక్క తప్పిపోతుంది. 1998లో వారు ప్రకటించిన వ్యాసంలో మరొక చమత్కారం కూడ ఉన్నది. బొమ్మను చిన్న ముక్కలుగా కోసి పుటలో పక్కపక్కన పెడితే, చూచేవారికి పూర్తి బొమ్మే కనిపిస్తుంది. గుర్తును వెదికే యంత్రానికి మాత్రం ఏ ముక్కలోను సరిపడినంత ఆధారం చిక్కదు. యజమానులు కాపలాకని వాడిన ముక్కల ఉపాయమే దొంగలకూ పనికివచ్చినదన్నమాట.

ఈ సందర్భంలో శాస్త్రజ్ఞుల ఇంటిలోని సంగతి ఒకటి చెప్పక తప్పదు. బొమ్మల కుదింపును, నీటిగుర్తులను పరీక్షించడానికి దశాబ్దాలపాటు లోకమంతటా వాడిన 'లెనా' అనే చిత్రం 1973లో ఒక అమెరికా పత్రికనుండి అనుమతి లేకుండా తీసుకొన్నది. 1991లో ఒక శాస్త్రపత్రిక అట్టమీద అది కనబడిన తరువాతనే అసలు పత్రికవారు పట్టించుకొన్నారు. 2024 ఏప్రిల్ నుండి ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ ఆ చిత్రమున్న వ్యాసాలను స్వీకరించడం మానివేసినది. నకలును అడ్డుకొనే విద్యను నకలు బొమ్మమీదనే అభ్యసించినాము! దుకాణం వారిని తప్పుపట్టేముందు చదువుకొన్నవారమైన మనం కూడ ఒకసారి మన పాఠాలలోని బొమ్మలను చూచుకొనడం మంచిది.

చట్టమూ, ఆచూకీ

తాళం లేదు, ముద్ర చెరగవచ్చును. ఐతే ఆధారమేమిటి? ముద్రకు వెనుక చట్టం నిలబడినప్పుడే దానికి విలువ అని హోగార్త్ కాలంనుండి తెలిసినదే. 1996 డిసెంబరులో జెనీవాలో కుదిరిన ప్రపంచ మేధాసంపత్తి సంస్థ ఒడంబడిక రెండు విషయాలు కోరినది: తాళాలను బద్దలుకొట్టడాన్ని, హక్కుదారుని వివరాలను చెరపడాన్ని దేశాలు అడ్డుకోవలెను.

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ఫోటోను కళాకృతిగా గుర్తిస్తుంది. తీసినవారే దానికి కర్త. హక్కు ఫోటో తీయగానే పుడుతుంది, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఐతే డబ్బిచ్చి తీయించుకొన్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకొన్నవారే హక్కుదారులు. 2012 సవరణ ఫోటోలకు ప్రత్యేకంగా ఉండిన తక్కువ గడువును తొలగించి, కర్త జీవితకాలం, ఆపైన 60 సంవత్సరాలు రక్షణ కల్పించినది. అదే సవరణ 65-ఎ, 65-బి అనే సెక్షనులను చేర్చినది. హక్కును భంగపరచే ఉద్దేశంతో తాళం తీసినా, హక్కుదారుని వివరాలను తెలిసి తొలగించినా, రెండు సంవత్సరాల వరకు జైలుశిక్షకూ, జరిమానాకూ అవకాశం ఏర్పడినది. బొమ్మ మూలనున్న పేరును కత్తిరించడం సామాన్యమైన చేష్ట కాదని దీనివలన తెలుస్తుంది. స్వంత అధ్యయనం, విమర్శ, వార్తల నివేదన, బోధన వంటి అవసరాలకు చట్టం కొంత వెసులుబాటు ఉంచినది. క్యాలెండరు వ్యాపారం వానిలో లేదు.

చట్టాన్ని ఆశ్రయించాలంటే ముందు నకలు ఎక్కడున్నదో తెలియాలి. 2008లో టిన్‌ఐ, 2011లో గూగుల్, బొమ్మను ఇచ్చి బొమ్మను వెదికే సౌకర్యాన్ని కల్పించినవి. యంత్రం బొమ్మలోని ముఖ్య లక్షణాలనుండి ఒక చిన్న వేలిముద్ర వంటిదానిని లెక్కకట్టి, తన నిల్వలలోని వేలిముద్రలతో పోలుస్తుంది.

తరువాత కావలసినది రుజువు. 2010 జనవరి 12న హైతీ దేశంలో వచ్చిన ఘోర భూకంపాన్ని అక్కడే ఉన్న డానియెల్ మోరెల్ అనే ఫోటోగ్రాఫరు చిత్రించి ఇంటర్నెట్టులో పెట్టినాడు. మరొకడు వానిని తనవిగా చెప్పుకొనగా, ఒక పెద్ద వార్తాసంస్థ ఆ పేరుతో లోకమంతటా పంపిణీ చేసినది. మోరెల్ పోరాడినాడు. 2013లో న్యూయార్కు జ్యూరీ అతనికి 12 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వవలసినదని తీర్పు చెప్పినది. అందరికీ కనబడేచోట పెట్టినంతమాత్రాన హక్కు వదలుకొన్నట్లు కాదని ఆ తీర్పు చాటినది.

కొత్త గిరాకీ

ఇటీవల సమస్య మరొక మలుపు తిరిగినది. బొమ్మను ఎత్తి అచ్చువేసేవారే గాక, కోట్లకొలది బొమ్మలను సేకరించి కృత్రిమ మేధకు నేర్పేవారు వచ్చినారు. వెబ్‌సైటు గుమ్మంలో 'యంత్రాలు లోపలికి రావద్దు' అని వ్రాసిపెట్టే ఆచారం 1994 నుండి ఉన్నది. అది విన్నపమే గాని తలుపు కాదు. చికాగో విశ్వవిద్యాలయం వారు 2023లో గ్లేజ్, 2024లో నైట్‌షేడ్ అనే సాధనాలు విడుదల చేసినారు. ఇవి కంటికి ఆనని మార్పులతో, నేర్చుకొనే యంత్రాన్ని తప్పుదారి పట్టిస్తాయి. వీనికి విరుగుడులను కూడ ఇతర పరిశోధకులు ప్రచురించినారు. తాళానికీ, మారుతాళానికీ మధ్య పాత పందెమే ఇక్కడా సాగుతున్నది.

మరొక వైపు, 2021లో కొన్ని సంస్థలు కలిసి ప్రారంభించిన సీటూపీఏ అనే ప్రమాణం, ఫోటో ఎక్కడ పుట్టినది, తరువాత ఏ మార్పులు జరిగినవి అనే వివరాలను, మార్చితే పట్టుబడే సంకేత సంతకంతో బొమ్మకు జతచేస్తుంది. నకలును ఇది ఆపదు. పుట్టుపూర్వోత్తరాలకు సాక్ష్యం చెబుతుంది. డ్యూరర్ ముద్రకు ఇది మునిమనుమరాలు.

ఇంతకూ ఏమి చేయవలెను?

ఈ చరిత్రనంతటినీ మా విద్యార్థినికి చెప్పి, చివరకు నాలుగు పనులు చేయమన్నాను.

మొదటిది, పెద్ద బొమ్మను ఇంట ఉంచుకొని చిన్నదానిని పంపడం. 4,000 చుక్కల వెడల్పు గల ఫోటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేస్తే పదమూడు అంగుళాలకు పైగా వస్తుంది, క్యాలెండరుకు చక్కగా సరిపోతుంది. దానినే 900 చుక్కలకు తగ్గించి వెబ్‌సైటులో పెడితే తెరమీద చూడడానికి ఏ లోటూ ఉండదు. అచ్చులో మాత్రం మూడంగుళాలకు మించదు. సాగదీస్తే మసకబారుతుంది. ఇటీవలి యంత్రాలు సాగదీసిన బొమ్మలో వివరాలను కల్పించి నింపగలవు గాని, ఆ కల్పన అసలు ఈకల వరుస కాదు. కాపలాలన్నిటిలో ఇది చౌకయినది, గట్టిది. దీనికి వాడేది గణితమే.

రెండవది, పేరు. బొమ్మలో సులభంగా కత్తిరించరాని చోట చిన్నగా పేరు వేయాలి. ఫోటో ఫైలు లోపల వివరాలు వ్రాసే చోటు కూడ ఉన్నది. అక్కడ పేరు, తేదీ, సంప్రదించే మార్గం నింపాలి. చాల సామాజిక మాధ్యమాలు ఈ వివరాలను రాల్చివేస్తాయి కనుక రెండూ కావాలి. మూడవది, రుజువు. కెమెరానుండి వచ్చిన అసలు ఫైలును కత్తిరించకుండా, తాకకుండా భద్రపరచాలి. నాలుగవది, అడిగేవారికి దారి చూపడం. 'వాడదలచినవారు ఈ చిరునామాకు వ్రాయవలెను' అని బొమ్మ కింద ఉంటే, అడిగి తీసుకొనే మంచివారు కూడ ఉన్నారు.

క్యాలెండరు విషయంలో మూడవది మాకు పనికివచ్చినది. అచ్చయిన బొమ్మలో కుడివైపున ఒక రెక్క చివర మాత్రమే ఉన్నది. ఆ అమ్మాయి కెమెరాలోని అసలు ఫోటోలో ఆ రెక్కగల పక్షి పూర్తిగా ఉన్నది. రెంటినీ పక్కపక్కన పెట్టి ఉత్తరం వ్రాసినాము. దుకాణం యజమాని స్వయంగా కళాశాలకు వచ్చినాడు. ఇంటర్నెట్టులో ఉన్నది కనుక అందరిదీ అనుకొన్నాననీ, ఎవరో మనిషి తెల్లవారుజామున లేచి తీసినదని తోచలేదనీ అన్నాడు. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పి కొంత పైకం ఇచ్చినాడు. పంచిన క్యాలెండర్లు మాత్రం ఆ సంవత్సరమంతా ఆమె పేరు లేకుండానే గోడలమీద వేలాడినవి.

అతని మాట అబద్ధం కాదనే నా నమ్మకం. తెరమీద కనబడే బొమ్మకు వెనుక ఒక మనిషి ఉన్నాడని తోచకపోవడమే ఈ నకళ్ళలో చాలవానికి మూలం. ఆ సంగతి తోపించడానికే డ్యూరర్ ముద్ర వేసినాడు, దీనదయాళ్ గాజుమీద పేరు వ్రాసినాడు. మా విద్యార్థిని ఈ చలికాలం మళ్ళీ ఆటపాక వెళ్ళి వచ్చినది. కొత్త ఫోటోలు మా వెబ్‌సైటులో ఉన్నవి - చిన్నవిగా, ప్రతిదానిలోను గూటి కొమ్మల మీదుగా ఆమె పేరుతో.